మూర్ఛ ఉన్నవారి దగ్గరికి థెరపీ కుక్క వచ్చే ముందు

కుక్క ఉంది కదా అని మందులు తగ్గించకండి, బాత్‌రూమ్‌కి గడియ పెట్టుకోకండి. థెరపీ కుక్క బెంగ, ఒంటరితనం తగ్గడానికి తోడ్పడుతుందే తప్ప ఫిట్స్‌ను ఆపదు. ముందే పసిగడుతుందన్న నమ్మకంతో ఒంటరిగా ఉండొద్దు. డోసు తప్పితే ఫిట్స్ తిరగబెట్టడం మామూలే.

సెషన్‌లో కుక్కను పట్టుకునే మనిషి కాక ఇంకొకరు ఉండాలి. ఫిట్స్ వస్తే ఒకరు కుక్కను బయటికి తీసుకెళ్తారు. రెండోవారు టైమ్ చూస్తూ, కుదుపులు ఆగగానే రోగిని పక్కకు తిప్పుతారు. నోట్లో ఏమీ పెట్టరు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్.

లీష్‌ను (కుక్కను పట్టుకునే తాడును) రోగి మణికట్టుకు చుట్టొద్దు. పడితే కుక్కా కింద నలుగుతుంది, బెదిరి కరవొచ్చు.

ఫిట్స్ ఆగాక కాసేపు అయోమయం ఉంటుంది, కొందరు దగ్గరికొచ్చినవారిని తోసేస్తారు. పూర్తిగా తెలివొచ్చాకే కుక్కను రానివ్వండి.

రేబిస్ టీకా కార్డులో తేదీ చూడండి, మాట మీద వదిలేయకండి. కుక్క గీరినా సరే, ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

మాత్రల డబ్బా కుక్కకు అందకుండా ఎత్తున పెట్టండి.

దీపావళి వారం సెషన్ వద్దు. టపాసుల మోతకు శిక్షణ ఉన్న కుక్కా బెదురుతుంది.