థార్‌కైనా జిమ్నీకైనా వించ్ కొనేముందు డబ్బా మీద నంబర్ ఒక్కటే చూడకండి

వానలు మొదలయ్యాయంటే చాలు, థార్, జిమ్నీ లాంటి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి) కొత్తగా కొన్నవాళ్లు అడిగేది ఒకటే, అన్నా ఏ వించ్ కొనమంటావ్ అని. వించ్ అంటే బండి ముందు బిగించే కరెంట్ మోటార్, డ్రమ్ మీద చుట్టిన తాడుతో దిగబడ్డ బండిని బయటికి లాగుద్ది. నేను తిరిగి రెండు అడుగుతా, నీ బండి నిండా మనుషులు సామాను ఎక్కాక ఎంత బరువు, అందులో ఎలాంటి బ్యాటరీ ఉంది అని. రెండోది అడగ్గానే చాలామంది సైలెంట్ అయిపోతారు.

ఎందుకు అడుగుతానంటే మావాడి థార్ కథ చూశా కాబట్టి. వికారాబాద్ అవతల నల్లరేగడి చేల మధ్య బండ్లబాటలో, రాత్రి వాన పడి తెల్లారి మేం పోయాం, ఛాసిస్ దాకా దిగబడింది. ముందు 9500 పౌండ్లు లాగే కొత్త వించ్ తళతళలాడుతోంది, అందరం ఫోన్లు తీసి వీడియోకి రెడీ, వాడు బటన్ నొక్కితే కాసేపు మూలిగింది, తర్వాత టక్ టక్ అని సౌండ్, అంతే. అప్పటికే పాతబడిన బ్యాటరీ, పైగా ఇంజన్ ఆపేసి లాగుతున్నాడు. చివరికి పక్క చేను పెద్దాయన ట్రాక్టర్ తెచ్చి లాగాడు, లాగుతూ "గింత ఖర్చు వెట్టి గా మిషిన్ ఎందుకు వెట్టుకున్నవ్ బిడ్డా" అన్నాడు. మావాడి దగ్గర జవాబు లేదు.

సరే, ముందు బరువు లెక్క. అందరూ వాడే లెక్క ఏంటంటే బండి నిండు బరువుకి కనీసం ఒకటిన్నర రెట్లు వించ్ లాగగలగాలి. ఖాళీ బరువు కాదు, నిండు బరువు, అంటే మనుషులు, టెంటు, నీళ్ల క్యాన్లు, ఫుల్ ట్యాంక్ అన్నీ కలిపి. థార్ అలా నింపితే ఈజీగా రెండు టన్నులు దాటుద్ది, 2.2 టన్నులు అనుకోండి, ఒకటిన్నర రెట్లు అంటే 3.3 టన్నులు, పౌండ్లలో 7300 దగ్గర. 8000 వించ్ సరిపోద్ది, 9500 అయితే నిశ్చింత. జిమ్నీ నిండు బరువు 1545 కిలోలు, దానికి లెక్క 5100 పౌండ్ల దగ్గర తేలుతుంది, 6000 చాలు. కానీ జిమ్నీకి కూడా 9500 బిగించేవాళ్లు ఉన్నారు, ఇనుప తాడుతో కలిపి అది దాదాపు 40 కిలోలు, దాన్ని బిగించే ప్లేటు, బంపర్ బరువు అదనం, ముందు స్ప్రింగులు కూర్చుండిపోయి బండి ముక్కు నేలకి వేలాడుద్ది.

ఇప్పుడు డబ్బా మీద నంబర్ సంగతి. 9500 అని రాశారంటే అది డ్రమ్ మీద తాడు ఒక్క వరసే మిగిలినప్పుడు లాగే శక్తి. వరస మీద వరస చుట్టుకునే కొద్దీ డ్రమ్ లావు పెరుగుద్ది, లాగే బలం తగ్గుద్ది, నాలుగో వరసకి వచ్చేసరికి దాదాపు మూడో వంతు ఎగిరిపోద్ది. అంటే చెట్టు దగ్గర్లో ఉంటే మనం అబ్బా లక్కీ అనుకుంటాం గానీ తాడు మొత్తం డ్రమ్ మీదే ఉంటది కాబట్టి వించ్ అప్పుడే వీక్. దీనికి మందు కప్పీ, అదే స్నాచ్ బ్లాక్. చెట్టుకి కప్పీ కట్టి తాడు దాన్లోంచి తిప్పి కొస తెచ్చి మన బండికే తగిలిస్తే లాగే బలం ఇంచుమించు రెట్టింపు, స్పీడ్ సగం, పైగా డ్రమ్ మీంచి ఎక్కువ తాడు బయటికొస్తుంది కాబట్టి అదీ కలిసొస్తుంది. నన్నడిగితే 12000 వించ్ మీద ఎక్స్‌ట్రా డబ్బులు పోసే బదులు 8000 వించ్, మంచి కప్పీ కొనుక్కోమంటా. మామూలు ఇసకలో ఇరుక్కోడం వేరు, రేగడి వేరు కదా, ఇక్కడ మట్టి చక్రాల్ని పీల్చి పట్టుకుంటుంది, ఛాసిస్ దాకా దిగితే బండి బరువు కంటే ఎక్కువే లాగాల్సొస్తుంది.

మోటార్లు రెండు రకాలు. సిరీస్ వౌండ్ అనేది గట్టిది, ఎక్కువసేపు బరువు లాగినా తట్టుకుంటది, కాకపోతే కరెంట్ బాగా తాగుద్ది. పర్మనెంట్ మాగ్నెట్ రకం చవక, కరెంట్ తక్కువ తీసుకుంటది, కానీ త్వరగా వేడెక్కుద్ది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వాడేవాడికి రెండోది కూడా నడుస్తుంది, రేగడిలో తరచూ తిరిగేవాడు మాత్రం మొదటిదే తీసుకోండి. గేర్లు దాదాపు అన్నిట్లో ప్లానెటరీయే, దాని గురించి జుట్టు పీక్కోవద్దు.

తాడు దగ్గర మాత్రం కాస్త ఆలోచించండి. ఇనుప తాడు రాళ్లకి రాసుకున్నా ఓర్చుకుంటుంది, ఎండకి పాడవదు, చవక. కానీ బరువు, తెగిన పోగులు చేతుల్లో దిగుతాయి, అన్నిటికంటే భయం ఏంటంటే బిగువు మీద తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, మనిషి ప్రాణం పోవచ్చు. సింథటిక్ తాడు తేలిక, మొత్తం మీద ఓ పది కిలోలు తగ్గుద్ది, తెగినా అంత విసురుగా రాదు. దాని శత్రువులు ఎండ, వేడి, రాపిడి, ఇంకా బురద. బురద పోగుల్లోకి దూరి లోపల్నుంచి కోస్తుంది, అందుకే ఇంటికి రాగానే బకెట్ నీళ్లలో కడిగి ఆరేసి చుట్టాలి, ఈ ఓపిక లేనివాళ్లు ఇనుపదే తీసుకోండి, నేను తప్పు పట్టను. నేనైతే సింథటిక్కే. తాడు బయటికొచ్చే దారిని ఫెయిర్‌లీడ్ అంటారు, ఇనుప తాడుకి రోలర్ల ఫెయిర్‌లీడ్, సింథటిక్‌కి నున్నటి అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ ఉండాలి, పాత ఇనుప తాడు గీతలు పడ్డ రోలర్ల మీద కొత్త సింథటిక్ వేశారంటే మొదటి ట్రిప్పుకే పోగులు లేస్తాయి. ఏ తాడైనా డ్రమ్ మీద కొన్ని చుట్లు మిగల్చాలి, ఇనుపదైతే కనీసం 5, సింథటిక్ అయితే 10, లేదంటే కొస ఊడి వచ్చేస్తుంది.

బ్యాటరీకి వద్దాం, మావాడు బోల్తాపడ్డది ఇక్కడే. 9500 వించ్ ఫుల్ లోడ్ మీద 400 ఆంప్స్ దగ్గర లాగుతుంది, ఇంజన్ తిరిగేటప్పుడు కరెంట్ పుట్టించే మన ఆల్టర్నేటర్ మహా అయితే అందులో మూడో వంతు ఇస్తుంది, మిగతాదంతా బ్యాటరీయే మోయాలి. అందుకే లాగేటప్పుడు ఇంజన్ ఆన్‌లోనే ఉండాలి, నిమిషం లాగి ఆపి మోటార్ మీద చెయ్యి పెట్టి చూడాలి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే చల్లారేదాకా ఆగాలి. బ్యాటరీ కోల్డ్ క్రాంకింగ్ రేటింగ్, అంటే చలిలో ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఇవ్వగల కరెంట్, 650 ఆంప్స్ పైన ఉండేది చూసుకోండి. కేబుల్ మందపాటి రాగిది, మధ్యలో కట్ ఆఫ్ స్విచ్ ఒకటి. వర్షంలో, వాగుల్లో తిరిగే బండి కాబట్టి కంట్రోల్ బాక్స్ నీళ్లు దూరని రకమేనా, ఐపీ 67 ఉందా అని అడగండి, నాది ఒకసారి అక్కడే తుప్పు పట్టి బటన్ వదిలినా తాడు చుట్టుకుంటూనే ఉంది, ఆ రోజు కట్ ఆఫ్ స్విచ్చే కాపాడింది.

బిగించే చోటు ఇంకో తలనొప్పి. 2017 డిసెంబర్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డుల (బండి ముందు బిగించే ఇనప చట్రాల) మీద రాష్ట్రాలకి లెటర్ రాసింది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద పర్మిషన్ లేని మార్పులు అని. పెద్ద ఇనప బంపర్ పెట్టి రోడ్డెక్కితే చలానా పడొచ్చు, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకీ ఇబ్బంది. కంపెనీ బంపర్ వెనకాలే ఇమిడిపోయే హిడెన్ ప్లేట్ రకం అడగండి, అదైనా ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి పెట్టుకుంటే మంచిది. ప్లేటు ఛాసిస్‌కి బోల్టు అవ్వాలి, బంపర్‌కి కాదు.

వించ్‌తో పాటే కొనాల్సినవి కప్పీ, రెండు డి షాకిల్స్ (తాడు, పట్టీ తగిలించే ఇనుప కొక్కేలు), వెడల్పాటి చెట్టు పట్టీ, లెదర్ గ్లవ్స్, తాడు తెగితే విసురు తగ్గించడానికి దాని మీద వేసే బరువైన డ్యాంపర్. తాడుని నేరుగా చెట్టుకి చుట్టి దాని హుక్ దానికే తగిలించొద్దు, చెట్టూ పోద్ది తాడూ పోద్ది. రేగడి చేలల్లో అసలు చెట్టే కనపడదు, గట్టు మీద ఓ తుమ్మ చెట్టు ఉంటే అదృష్టం, సన్న నీలగిరిని నమ్మొద్దు. ఏదీ లేకపోతే ఇంకో బండి, అదీ లేకపోతే స్టెప్నీని గోతిలో పాతి దానికి కట్టడం, దానికోసం పార ఒకటి డిక్కీలో ఉండాలి.

బిగించిన వారంలోనే కాస్త ఎత్తున్న ఎండు నేల మీద, హ్యాండ్‌బ్రేక్ కొద్దిగా పట్టించి, మిగల్చాల్సిన చుట్లు వదిలి తాడంతా బయటికి లాగి, బండి బరువు మీద మళ్లీ వరసగా చుట్టండి. వదులుగా చుట్టిన తాడు మొదటి గట్టి లాగుడికే కింది వరసల్లోకి దిగి ఇరుక్కుంటుంది, దాన్ని విడదీయడం బండిని బురదలోంచి తీయడం కంటే కష్టం.