బెర్డాన్ ప్రైమర్ కేసులను తిరిగి నింపే ముందు జాగ్రత్తలు

అమెరికాలో జింకల వేట కాలం దగ్గరపడుతున్నందున, పాత సైనిక తూటాల ఇత్తడి కేసులను (కాల్చాక మిగిలే ఖాళీ గొట్టాలను) చట్టబద్ధంగా ఇంట్లోనే తిరిగి నింపుకునేవారు ముందుగా సరిచూసుకోవలసినవి ఇవి.

ప్రైమర్ అంటే కేసు అడుగున ఉండి, దెబ్బ తగలగానే పేలి లోపలి తుపాకిమందును అంటించే చిన్న మూత; బెర్డాన్, బాక్సర్ దానిలో రకాలు. పేలని ప్రైమర్ ఉన్న కేసును ఈ పనికి తీసుకోకూడదు. బెర్డాన్ ప్రైమర్‌ను తరచుగా కొక్కెంతో గుచ్చి పెకలిస్తారు కనుక, పేలనిదాన్ని గుచ్చితే అది ముఖం ముందే పేలవచ్చు. కాల్చిన కేసులతో పనిచేసేటప్పుడు కూడా రక్షణ కళ్లద్దాలు తీయకూడదు.

ప్రతి కేసు లోపలికీ టార్చి వేసి చూడాలి. అడుగున నడుమ ఒకే రంధ్రం ఉంటే అది బాక్సర్ రకం. నడుమకు పక్కగా సాధారణంగా రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్. ఇందులో ప్రైమర్ ఆనుకునే దిమ్మె కేసులోనే భాగం కాబట్టి, బాక్సర్ ప్రైమర్‌ను లోపలినుంచి తోసి తీసే పిన్నును దించితే అది విరుగుతుంది. దిమ్మె దెబ్బతింటే కేసు పనికిరాదు.

ప్రైమర్ గుంట వ్యాసాన్ని కొలిచాకే ప్రైమర్లు కొనాలి. బెర్డాన్ ప్రైమర్లు 4.5, 5.5, 6.35 మిల్లీమీటర్లు వంటి పలు కొలతల్లో ఉంటాయి, వదులుగా కూర్చున్నదాని పక్కనుంచి వేడి వాయువు వెనక్కి చిమ్ముతుంది.

పాదరసపు ప్రైమర్లతో కాల్చిన పాత కేసులను నిస్సంకోచంగా పారేయాలి. పాదరసం ఇత్తడిని పెళుసుబారుస్తుంది, ఆ లోపం పైకి కనిపించదు.

పొటాషియం క్లోరేట్ ప్రైమర్లతో కాల్చినవాటిని వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, ఎందుకంటే మిగిలిన ఉప్పు తేమను పీలుస్తుంది.

సైనిక కేసుల గోడలు తరచుగా మందంగా ఉండి లోపలి జాగా తగ్గుతుంది కనుక, తుపాకిమందు తయారీదారు పట్టికలోని కనిష్ఠ మోతాదుతోనే మొదలుపెట్టాలి.