నీళ్లు కాచే కట్టెల పొయ్యిలో వేడి వృథా పోకుండా చేసుకోదగిన మార్పులు

వంటకు గ్యాస్ వచ్చిన ఇళ్లలోనూ స్నానానికి నీళ్లు కాచే పొయ్యి పెరట్లో ఇంకా వెలుగుతూనే ఉంది. పత్తి కట్టె, కంది కట్టె, సర్కారు తుమ్మ కొమ్మలు ఊరికే దొరికే చోట నీళ్ల కోసం సిలిండరు ఖర్చు చేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఊరికే దొరికేదే కదా అన్న ధీమాతో ఆ పొయ్యి ఎంత కట్టె తింటున్నదో కూడా ఎవరూ చూడరు. ఇరవై లీటర్ల నీటిని 25 డిగ్రీల సెంటీగ్రేడు నుంచి 45 డిగ్రీలకు తేవడానికి సుమారు 1.7 మెగాజౌళ్ల (మెగాజౌలు వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. బాగా ఆరిన కట్టె కిలోకు 15 మెగాజౌళ్ల వరకు వేడినిస్తుంది కాబట్టి, ఆ వేడంతా నీటికే చేరితే 110 గ్రాముల కట్టె సరిపోవాలి. మూడు రాళ్ల పొయ్యి మీద పాత్రకు చేరేది సాధారణంగా నూటికి పది, పదిహేను పాళ్లే కనుక, ముప్పావు కిలో మొదలుకొని కిలో పైచిలుకు దాకా కాలిపోతుంది. మిగిలిన వేడి పాత్ర పక్కల నుంచి జారిపోయి పెరటి గాలిలో కలుస్తుంది. అందుచేత మంట పెంచడం కంటే ముందు, ఆ మంట పాత్రను ఒరుసుకుంటూ పోయే దారి ఏర్పరచాలి.

ఇందుకు అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చేది పాత్ర చుట్టూ రేకు కట్టడం. పాత్ర అడుగును తాకిన వేడి గాలి పక్కలకు చెదిరిపోకుండా, పాత్ర ఒంటిని ఆనుకొని సన్నని సందులో పైకి పోయేలా ఈ రేకు చేస్తుంది. సందు వెడల్పే ఇక్కడ అసలు విషయం. అది మరీ ఇరుకైతే పొగ ఆడక మంట ఉక్కిరిబిక్కిరై పొయ్యి నోటి నుంచి పొగ ఎదురుతన్నుతుంది, మరీ వెడల్పైతే వేడి గాలి పాత్రను తాకకుండానే వెళ్లిపోతుంది. ఇంటి పొయ్యికి ఒక సెంటీమీటరు సందు సరిపోతుంది. లావు కట్టెలు పెట్టి పెద్ద మంట వేసే చోట ఒకటిన్నర దాకా వదలవచ్చు. కొలత తీయడం తేలిక. పాత్ర బాగా ఉబ్బిన చోట దారం చుట్టి ఆ పొడవుకు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు కలిపితే, పాత్ర చిన్నదైనా పెద్దదైనా సందు సెంటీమీటరే వస్తుంది. రెండు అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కించి బిగించడానికి మరో మూడు సెంటీమీటర్లు అదనంగా ఉంచుకోవాలి. డేగిసా వంటి నిలువు పాత్రకు రేకు దాని ఎత్తులో ముప్పావు వంతు వరకు ఉండటం మంచిది. బొద్దు పొట్ట ఉన్న కాగుకైతే పొట్ట దాటి కొద్దిగా పైకి వస్తే చాలు, ఎందుకంటే ఆ పైన సందు ఎలాగూ వెడల్పైపోతుంది.

రేకుకు పాత నూనె డబ్బాను కోసి వాడుకోవచ్చు. జింకు పూత వేసిన రేకు మాత్రం పనికిరాదు; మంట దగ్గర ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి హాని చేస్తుంది. కోసిన అంచులు చేతులను తెగ్గొట్టకుండా వెనక్కి మడిచి కొట్టాలి. రేకు అడుగు పొయ్యి గట్టు మీద, పాత్రను నిలిపే పొయ్యి గడ్డలకు వెలుపల ఆనాలి, ఆ ఆనిక చుట్టూ తడిమట్టి మెత్తాలి. గడ్డల ఎత్తు కూడా ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లకు మించనక్కర లేదు. చాలా పొయ్యిలకు అవి మూడు వేళ్ల ఎత్తున ఉంటాయి, మంట సగం అక్కడే బయటపడుతుంది. ఇక కాగు మీద మూత పెట్టమని వేరుగా చెప్పాల్సిన అవసరం ఉండకూడదు కానీ, మూత లేని కాగులే ఎక్కువగా కనబడుతుంటాయి.

పొయ్యి లోపలి గోడ సంగతి కొంచెం వివరంగా చూడాలి. మట్టి గోడ ఎంత మందమైతే వేడి అంత బాగా నిలుస్తుందని మనలో గట్టి నమ్మకం ఉంది. రోజంతా నిప్పు ఉండే పాల దాలికి ఆ మాట చెల్లుతుంది. అరగంటలో ఆరిపోయే నీళ్ల పొయ్యికి మాత్రం, ఆ మందపు గోడను కాచడానికే కట్టె ఖర్చవుతుంది. గోడ వేడెక్కే సరికి స్నానాలు ముగుస్తాయి. వేడిని ఆపేది మట్టి బరువు కాదు, దానిలోపల చిక్కుకున్న గాలి. కనుక మంట చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల పలుచని మట్టి గోడ లేపి, దానికి నాలుగైదు వేళ్ల దూరంలో ఇటుకలతో వెలుపలి గోడ కట్టి, నడుమ పొడి ఊక బూడిదను అదమకుండా నింపి, పైన మట్టితో మూసివేయాలి. ఈ బూడిద రైస్ మిల్లుల దగ్గర దొరుకుతుంది. నింపేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. లోపలి గోడ మట్టిలోనూ ఊక కలిపితే, కాలే కొద్దీ ఊక పోయిన చోట సన్నని బొరియలు మిగిలి ఆ గోడ కూడా వేడిని తక్కువగా లాగుతుంది. సిమెంటు మంటకు పగిలిపోతుంది, దాన్ని వాడవద్దు. అమెరికాలోని ఓరెగన్‌లో లారీ వినియార్‌స్కీ 1980లలో రూపొందించిన రాకెట్ పొయ్యి నడిచేది కూడా ఇలా వేడిని బయటకు పోనివ్వని గోడల మధ్య ఇరుకైన, నిటారైన మంట దారితోనే.

మంట అడుగున గాలి ఆడటానికి సెంటీమీటరు ఎడంతో ఇనుప చువ్వలు పరిచి, వాటి కింద నాలుగు వేళ్ల లోతు బూడిద గుంట, దానికి ముందు వైపు ఒక రంధ్రం ఉంచాలి. చువ్వల నుంచి పాత్ర అడుగు వరకు ఒక జానెడు ఎత్తు ఉంటే మంట పూర్తిగా మండిన తర్వాత పాత్రను తాకుతుంది. అంతకంటే దగ్గరైతే చల్లని పాత్రకు తగిలి మంట మధ్యలోనే ఆగిపోయి మసి పట్టిస్తుంది. కట్టెలు దూర్చే నోటిని అవసరానికి మించి తెరిచి ఉంచకుండా, ఒక ఇటుక అడ్డుపెట్టడం మంచిది. ఆ నోటి గుండా వచ్చే చల్లగాలి మంటను చల్లార్చడం తప్ప మరే మేలూ చేయదు.

పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలో నీటికి 2.3 మెగాజౌళ్ల వేడి పోతుంది కాబట్టి, పచ్చి కట్టె పెట్టిన పొయ్యికి ఎన్ని మార్పులు చేసినా దండగే. వేసవిలోనే కొట్టి, బొటనవేలి మందాన చీల్చి, వానలకు ముందే కప్పు కిందికి చేర్చుకోవాలి.

పొగగొట్టం పెడితే వేడి పెరుగుతుందని అనుకోకూడదు. 1950ల తొలినాళ్లలో హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు పొగలేని పొయ్యికి రూపకల్పన చేసింది వంటింట్లోని పొగను బయటికి పంపడానికి, ఆ పని ఎంతో విలువైనది. అయితే మందపు మట్టితో కట్టిన పొగగొట్టపు పొయ్యిలలో కొన్ని మూడు రాళ్ల పొయ్యి కంటే ఎక్కువ కట్టె తిన్నాయని తరువాతి పరీక్షల్లో బయటపడింది, ఎందుకంటే గొట్టం లాగే గాలి పాత్రకు చేరవలసిన వేడిని కూడా వెంటబెట్టుకుపోతుంది. ఆరుబయట నీళ్లు కాచే పొయ్యికి గొట్టం అక్కర లేదు. వంటగదిలో పొయ్యి ఉన్నవారు మాత్రం కట్టె కాస్త ఎక్కువైనా గొట్టం పెట్టుకోవలసిందే. తలుపులు మూసిన గదిలో కట్టె పొయ్యి ప్రాణాపాయం.

మార్పులన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. తూకం వేసిన కట్టెతో, అదే కాగు, అన్నే నీళ్లు పెట్టి, ఒక్కో మార్పుకు ముందూ తర్వాతా ఎంత కట్టె మిగిలిందో చూసుకోవాలి. తడిసిన పొయ్యి తానారడానికే వేడి తీసుకుంటుంది కాబట్టి వానాకాలంలో దాని మీద రేకు కప్పి ఉంచాలి, బూడిద గుంటను ప్రతి ఉదయం మంట వేసే ముందు ఖాళీ చేయాలి.