ఫిగర్ నిలబడట్లేదా, చెయ్యి లేవట్లేదా? లోపం పీసుదా, డిజైన్‌దా ముందు తేల్చుకోండి

సైన్స్ ఫిక్షన్ ఫిగర్ (కీళ్లు కదిలే ప్లాస్టిక్ బొమ్మ) కొన్నాక వచ్చే కంప్లయింట్లలో చాలావరకు రిపేర్‌కి లొంగేవి కావు, ఆ బొమ్మ డిజైనే అంత. అది తెలియక బలంగా తిప్పి పెగ్ (రెండు ముక్కల్ని కలిపే సన్నటి పుల్ల) విరగ్గొట్టుకుంటుంటారు. కాబట్టి చేతిలో ఏ మందూ పట్టుకోకముందే కుడి, ఎడమ పోల్చి చూడండి. రెండు మోచేతులూ ఒకే కోణం దగ్గర ఆగిపోతే అది డిజైన్. ఒకటి పూర్తిగా మడిచి రెండోది సగంలో ఆగితే మీకొచ్చిన పీసులోనే లోపం ఉంది: లోపలికి రంగు కారి ఉంటుంది, లేదా ఫ్యాక్టరీలో కుడివైపు ముక్క ఎడమవైపు బిగించి ఉంటారు (జరుగుతుంది, మోకాలి కింది భాగాల్లో మరీనూ). ముక్కలు తారుమారైతే ఇంట్లో కుస్తీ పట్టకుండా రిటర్న్ గడువు ఉండగానే పంపేయండి. బాక్స్ విప్పేటప్పుడు వీడియో తీసుకుంటే వాదన తప్పుతుంది. వేడినీళ్లలో ముంచాక, నూనె పూశాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు.

కీలు అస్సలు కదలట్లేదు

కొత్త బొమ్మలో ఇలా ఉంటే సాధారణంగా రంగు కీలు మధ్యలోకి దిగి ఆరిపోయింది, లేదంటే పెగ్ మరీ టైట్‌గా ఉంది. చెయ్యి చివర పట్టుకుని మెలితిప్పకండి, బలమంతా సన్నటి పెగ్ మీద పడుతుంది. కీలుకి ఆనుకుని రెండు వైపులా పట్టుకోవాలి. గ్లాసులో వేడినీళ్లు పోసి, మరుగు తగ్గాక, ఆ భాగాన్ని ఒక నిమిషం ముంచి మెల్లగా అటూ ఇటూ ఆడించండి. మెత్తటి పీవీసీ భాగాలు త్వరగా లొంగుతాయి, గట్టి ఏబీఎస్ ప్లాస్టిక్ అంతగా మెత్తబడదు, కానీ ఇరుక్కున్న రంగు వదలడానికి ఆ వేడి చాలా సార్లు సరిపోతుంది. కళ్లలోనో ఛాతీలోనో లైట్ వెలిగే బొమ్మయితే నీళ్లు వద్దు, హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి పట్టండి.

కదిలాక కూడా గరగరలాడుతుంటే సిలికాన్ ఆయిల్ ఒక చుక్క. ట్రెడ్‌మిల్ బెల్టుకి వాడేది అదే, జిమ్ సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె జోలికి పోవద్దు, ఒత్తిడి పడే చోట ఏబీఎస్‌కి ఇలాంటి నూనెలు తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి.

చెయ్యి లేపి పెడితే దిగిపోతోంది

కీలు వదులైంది. బాల్ జాయింట్ (గుంటలో బంతి తిరిగే కీలు) అయితే ఊడదీసి, బంతి మీద రంగులేని నెయిల్ పాలిష్ పలచగా పూసి, పూర్తిగా ఆరాకే మళ్లీ గుచ్చండి. తడిగా గుచ్చితే అతుక్కుపోతుంది. కొందరు ఫెవిక్విక్ వాడతారు, పని చేస్తుంది, కానీ అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరికి చుట్టుపక్కల నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి పొర కడుతుంది. నలుపు కవచం ఉన్న సైనికుడి బొమ్మకైతే నేను సిఫార్సు చెయ్యను.

కదిపినప్పుడు టక్ టక్‌మని మెట్లు మెట్లుగా ఆగే కీలు ఉంటుంది చూడండి, రాచెట్ అంటారు, బరువైన రోబోల్లో భుజానికీ తుంటికీ అదే పెడతారు. దానికి ఈ పూతలేవీ పనికిరావు. లోపల పళ్లు అరిగితే ఆ ముక్క మార్చాల్సిందే. ఇంకో సంగతి, రాచెట్ రెండు మెట్ల మధ్య ఆగదు. మీరు అనుకున్న పోజుకి చెయ్యి కొంచెం పైనో కొంచెం కిందో ఉంటే దాన్ని లోపం అనుకోవద్దు.

నిలబడట్లేదు, లేదా పెట్టిన రోజు బాగానే ఉండి తర్వాత వాలిపోతోంది

ఈ రెండూ ఒకే సమస్య కావు. పెట్టగానే పడిపోతుంటే బరువు గురించి చూడాలి. వీపున పెద్ద జెట్‌ప్యాక్, చేతిలో పొడవు తుపాకి, కిందేమో చిన్న పాదాలు. వీపు సామాను తీసేసి నిలబెట్టి చూడండి, నిలబడితే కారణం దొరికినట్టే. నడుము కాస్త ముందుకు వంచి, ఒక కాలు వెనక్కి వేస్తే సర్దుకుంటుంది. కాళ్లు ఎడంగా పెట్టినప్పుడు పాదం అంచు మీద లేస్తోందంటే ఆ బొమ్మ చీలమండకి పక్కకి వంగే కీలు లేదన్నమాట. దానికి స్టాండ్ తప్ప మందు లేదు. కొనేముందు ఫొటోల్లో నేను మొదట చూసేది చీలమండలే, ముఖం తర్వాత.

కొన్ని వారాలకి వాలిపోతే కారణం వేడి. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే, మిద్దె కింద గదిలో, అందులోనూ ఎండ తగిలే గాజు అల్మరాలో ఇంకా ఎక్కువ. పీవీసీ చీలమండ ఆ వేడికి బరువు మోస్తూ మోస్తూ వంగుతుంది. వేడినీళ్లలో ముంచి సరిచేసి, ఆ ఆకారంలోనే పట్టుకుని వెంటనే చల్లటి నీళ్లలో పెడితే తిరిగి గట్టిపడుతుంది. అల్మరా మాత్రం పడమటి గోడ నుంచి మార్చండి, లేకపోతే వచ్చే ఏడు మళ్లీ ఇదే పని.

దసరా కొలువులో రాజారాణి చెక్కబొమ్మల పక్కన రోబోని కూడా నిలబెట్టే ఇళ్లు ఇప్పుడు ఉన్నాయి (మా ఇల్లూ అంతే, మా అమ్మ ఒప్పుకుంది, పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు). అక్కడ పడిపోతే బొమ్మని అనకండి. మెట్టు మీద పరిచిన పట్టుచీర మడతలు పాదాన్ని ఎత్తేస్తాయి. చీర కింద గట్టి అట్ట పెట్టండి.

చెయ్యి భుజం పైకి లేవట్లేదు, తుపాకి రెండు చేతులతో పట్టదు

బాక్స్ మీద బొమ్మ గురిపెట్టి ఉంటుంది, ఇంట్లో బొమ్మకి ఎడమచెయ్యి తుపాకి దాకా రాదు. సాధారణంగా రెండింటిలో ఒకటి కారణం. భుజం పలక కవచానికే అచ్చుపోసి ఉండటం మొదటిది: చెయ్యి లేస్తే అది అడ్డం పడుతుంది. విడిగా కీలుతో వేలాడే పలకైతే ముందు దాన్ని పైకి తిప్పి, తర్వాత చెయ్యి లేపండి. వరుస మారితే రంగు గీసుకుపోతుంది. రెండోది, ఛాతీ దగ్గర భుజం ముందుకు జరిగే కీలు లేకపోవడం. బటర్‌ఫ్లై జాయింట్ అంటారు, ఇది లేని బొమ్మతో రెండు చేతుల పోజు ఆశించడం వృథా. చెయ్యి కాక కాలు లేవట్లేదంటే కారణం నడుము చుట్టూ ఉండే పలకలు, అవి తొడ లేవనివ్వవు. మెత్తటి ప్లాస్టిక్ అయితే వేడిచేసి కాస్త విప్పారేలా వంచొచ్చు, గట్టిదైతే వదిలేయండి.

ఇక్కడే డిజైన్‌కి మార్కులు వేయడంలో తొందరపడుతుంటారు. కీళ్లు ఎన్ని అని లెక్కపెట్టి తీర్పు చెప్పేస్తారు. 1978లో కెన్నర్ అనే అమెరికా కంపెనీ వాళ్ల స్టార్ వార్స్ బొమ్మల్లో చాలావాటికి మెడ, రెండు భుజాలు, రెండు తుంట్లు, మొత్తం 5 కీళ్లే, అయినా వాటిని ఈరోజుకీ వెతుక్కుంటున్నారు. ఇప్పటి 1/12 స్కేల్ (అసలు సైజులో పన్నెండో వంతు) ఫిగర్, అంటే ఉజ్జాయింపుగా 15 సెంటీమీటర్లది, దానికి ఎన్నో రెట్లు వంగుతుంది, కానీ మోచేయి మడిస్తే మధ్యలో ఖాళీ కనిపించి కవచం ముక్కలైనట్టుంటే ఏం లాభం? వ్యోమగామి బొమ్మలకైతే నేను ఇంకా ఉదారంగా ఉంటాను. శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది కదా, స్పేస్ సూట్ సంగతి పిల్లలకి కూడా తెలుసు: లోపల గాలి పీడనం ఉంటుంది కాబట్టి నిజం సూటే సులువుగా వంగదు. ఆ బొమ్మ యోగాసనం వెయ్యకపోతే తప్పేం కాదు. చురుగ్గా దూకే సైబోర్గ్ (సగం మనిషి, సగం యంత్రం) అని అమ్మిన బొమ్మ ఒంటి మోకాలి మీద కూర్చోలేకపోతే మాత్రం మార్కులు కోస్తాను.

జిగురుగా ఉంది, పసుపెక్కింది, తోలు పొట్టు రాలుతోంది

జిగురంటే పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం పైకి ఊరడం. గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడిగి, గాలి ఆడేచోట పెట్టండి, డబ్బాలో మూసేస్తే పెరుగుతుంది. పసుపెక్కడం ఎక్కువగా ఎండ వల్లే, తెల్లబరిచే చిట్కాలతో రంగు పోయే ప్రమాదం ఉంది, నేనైతే వదిలేస్తాను. పెద్ద బొమ్మల కృత్రిమ తోలు కోటు పొట్టు రాలితే తేమ పని, కార్తీకం తుపాను వానలప్పుడు మనకి తప్పదు. రాలడం మొదలయ్యాక ఆగదు, కోటు మార్చుకోవడమే.

పెగ్ విరిగిపోయింది

రెండు కొనల్లోనూ చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో 1 మిల్లీమీటరు రంధ్రం చేసి, పేపర్ క్లిప్ తీగ ముక్క గుచ్చి, అప్పుడు ఫెవిక్విక్ వెయ్యండి. తీగ లేకుండా అంటిస్తే మొదటిసారి తిప్పగానే ఊడుతుంది. తెల్లగా, నున్నగా, సబ్బు ముట్టుకున్నట్టుండే పెగ్ అయితే అది పీఓఎం ప్లాస్టిక్ కావచ్చు, దానికి ఏ జిగురూ సరిగా పట్టదు, అలాంటప్పుడు తీగని కాస్త పొడవుగా, బిగుతుగా దింపి దాని పట్టు మీదే ఆధారపడండి.