తాగుడు మానేవాళ్ల గ్రూపును నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎలా వెతకాలి? మీటింగుకు ఎలా వెళ్లాలి?

అయ్యప్ప మాలలో ఉన్న 41 రోజులూ చుక్క ముట్టని మనిషి, మాల తీసిన వారానికే మళ్లీ బెల్టు షాపు దగ్గర కనిపించడం మన ఊళ్లలో మామూలే. ఆ 41 రోజులూ అతణ్ణి నిలబెట్టింది దీక్ష ఒక్కటే కాదు, పొద్దునా సాయంత్రం చుట్టూ ఉన్న సాటి స్వాములు కూడా. మాల తీశాక ఆ తోడు ఉండదు. ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏఏ గ్రూపు, ఆ తోడును ఏడాది పొడవునా ఇస్తుంది. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా నిలవడంతో ఇది మొదలైంది. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

ముందు డాక్టరు, తర్వాతే గ్రూపు

రోజూ తాగేవాళ్లు, పొద్దున్నే పెగ్గు పడకపోతే చేతులు వణికేవాళ్లు మాల కోసమైనా, మీటింగు కోసమైనా ఒక్కసారిగా ఆపకూడదు. ఆపిన ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం జరగొచ్చు. అది ప్రాణం తీసే స్థితి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. అంతదాకా రాకుండా నెల్లూరు పెద్దాసుపత్రిలో గానీ, ఒంగోలు రిమ్స్‌లో గానీ సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. రోజుకు ఎన్ని క్వార్టర్లో, ఇదివరకు ఫిట్స్ వచ్చాయో లేదో దాచకుండా చెప్పాలి. మందుల మోతాదు దాన్నిబట్టే ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. తాగితే వాంతులు తెప్పించే డైసల్ఫిరామ్ మాత్రను కూరలోనో కాఫీలోనో చెప్పకుండా కలిపి పెట్టకండి. తెలియక ఆ మనిషి తాగితే బీపీ పడిపోయి గుండె మీదకు రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది.

గ్రూపు ఎక్కడుందో కనుక్కోవడం

మూడు దారులున్నాయి. సైకియాట్రీ ఓపీలో అడగండి. 14446కి చేయండి, ఇది మత్తు వ్యసనాల నుంచి బయటపడేందుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు. ఏఏ ఇండియా వెబ్‌సైట్లో ఊరిపేరుతో వెతకండి. రాత్రిపూట మనసు నిలవకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416లో 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

జాబితాలో దొరికిన చోటుకు నేరుగా బయల్దేరొద్దు. గదులు మారతాయి, వేళలు మారతాయి. కావలి నుంచో ఆత్మకూరు నుంచో ఛార్జీ పెట్టుకుని వెళ్లి, తాళం చూసి తిరిగొచ్చిన మనిషి ఆ సాయంత్రం ఎటు పోతాడో చెప్పక్కర్లేదు. ముందురోజే ఫోన్ చేసి ఏ రోజు, ఎన్నింటికి, తెలుగులోనేనా, ఇంట్లోవాళ్లు రావచ్చా, బస్టాండ్ దగ్గరికి ఎవరైనా వస్తారా అని అడగండి. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే.

మీటింగు చర్చి గదిలో పెట్టారని వెనక్కి తగ్గేవాళ్లుంటారు. గది చర్చిది, గ్రూపు ఏ మతానిదీ కాదు. వేలల్లో డబ్బు అడిగితే మాత్రం అది ఏఏ కాదని గుర్తుపెట్టుకోండి.

మొదటి రోజు

సాయంత్రం మీటింగయితే, అది సరిగ్గా నాలుక లాగే వేళ. పని నుంచి ఇంటికెళ్లి ముఖం కడుక్కుని వద్దామనుకుంటే సగంలోనే ఆగిపోతారు. నేరుగా వెళ్లండి, షాపు లేని దారిలో వెళ్లండి. ఏదైనా తిని వెళ్లండి, కడుపు ఖాళీగా ఉంటే మందు మీదకు మనసు ఎక్కువ పోతుంది.

గంటా గంటన్నర జరుగుతుంది. ఒకరు ప్రార్థనతో మొదలుపెడతారు, తర్వాత ఒక్కొక్కరూ తమ సంగతి చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. ఇంటిపేరు అడగరు. మీ వంతు వచ్చినప్పుడు 'ఈరోజు వింటాను' అంటే చాలు. చివర్లో సంచో డబ్బానో తిరుగుతుంది, పదో ఇరవయ్యో వేయొచ్చు, వేయకపోయినా ఫరవాలేదు. తాగి వెళ్లినా మామూలుగా కూర్చోనిస్తారు, మాట్లాడొద్దంటారు.

అయిపోగానే లేచి వచ్చేయకండి. అసలు పని ఆ తర్వాత టీ తాగే పావుగంటలోనే ఉంటుంది. కనీసం ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని, అదే రాత్రి ఒకరికి ఫోన్ చేయండి. తాగాలనిపించిన గంటలో కొత్త మనిషికి మొదటిసారి ఫోన్ చేయడం ఎవరివల్లా కాదు. ముందే మాట కలిపి ఉంటే చేయి నంబరు మీదకు పోతుంది.

రెండోసారి వెళ్లడం

ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. 'నేను అంత తాగుబోతును కాను' అనిపిస్తుంది. ఒక్క మీటింగుతో తేల్చుకోకుండా కనీసం ఆరు మీటింగులు కూర్చోండి. కొందరు 90 రోజుల్లో 90 మీటింగులంటారు. మన ఊళ్లలో రోజూ మీటింగు దొరకదు కాబట్టి మిగతా రోజులకు ఆన్‌లైన్ మీటింగులు వాడుకోవాలి. కొన్ని వారాలయ్యాక, మానేసి ఏళ్లయిన ఒకరిని స్పాన్సర్‌గా, అంటే మీకు దారి చూపే తోడుగా, ఉండమని అడగండి. మగవాళ్లు మగవాళ్లనే, ఆడవాళ్లు ఆడవాళ్లనే అడగడం మంచిది. మధ్యలో ఒకరోజు తాగినా గ్రూపు మానొద్దు. మర్నాడే వెళ్లి చెప్పండి.

ఇంట్లోవాళ్లకు

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు. దుకాణం మూయించడం వాళ్ల చేతిలో ఉంది. భర్తను మాన్పించడం భార్య చేతిలో లేదు, ఆ తప్పు ఆమెది అసలే కాదు. కుటుంబాలకోసం 1951 నుంచి ఆల్-అనాన్ ఉంది. తాగే మనిషి ఏ గ్రూపుకూ వెళ్లకపోయినా ఆమె వెళ్లొచ్చు.

దగ్గర్లో గ్రూపే లేకపోతే? మానాలనుకునే ఇద్దరుంటే చాలు, ఏఏ సంప్రదాయం దాన్ని గ్రూపుగానే ఒప్పుకుంటుంది. వారానికి ఒకే రోజు, ఒకే వేళ, బడి గదో వరండానో చూసుకోండి. రెండోవాడు రాకపోయినా ఆ గంట అక్కడే కూర్చోండి. వేళ మాత్రం మార్చకండి, వచ్చేవారం ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మీరు దొరకాలి.