బస్తా ఎన్ని కేజీలది?

మా వరి రైతుల వాట్సాప్ గ్రూపుకు ఆరేళ్లుగా నేనే అడ్మిన్‌ని. తెనాలి చుట్టుపక్కల వాళ్లు సగం, కరీంనగర్ వైపు వాళ్లు సగం. మొదట్లో ఎవరైనా నా మాట కాదంటే కంట్లో కారం పడ్డట్టుండేది. ఇప్పుడు నాలుగు రోజులపాటు ఎవరూ ఎవర్నీ కాదనకపోతే, అందరూ మ్యూట్‌లో పెట్టేశారేమోనని దిగులు. కొత్తగా అడ్మిన్ అయినవాళ్లకు పనికొస్తుందని, నేను తిన్న ఎదురుదెబ్బలతో సహా చెప్తున్నాను.

ముందు కొలత అడగండి. ఓసారి కరీంనగర్ తమ్ముడొకడు "ఎకరానికి 60 బస్తాలు తీసిన" అని ఫొటో పెట్టాడు. మా వైపు పెద్దాయన ఊరుకుంటాడా? "మాకు 35 వస్తేనే గొప్ప. పొలంలో కోతలు అయ్యాయిగా, ఇక్కడ కొయ్యకండి" అన్నాడు. అంతే, నలభై మెసేజిలు. చీకటి పడ్డాక ఎవరో నెమ్మదిగా అడిగారు: "అన్నా, మీ బస్తా ఎన్ని కేజీలది?" వాళ్లు లెక్కేసింది కొనుగోలు కేంద్రంలో తూచే 40 కేజీల బస్తా. మాది 75 కేజీలది. 60 నలభైలు 24 క్వింటాళ్లు. 35 డెబ్బై అయిదులు 26 క్వింటాళ్ల పైమాటే. కోతలంటూ అరిచిన ఆయనకే ఎక్కువ పండింది!

అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి. కాదనే ముందు అవతలివాళ్లు చెప్పింది మన మాటల్లో ఒకసారి చెప్పి, "మీరన్నది ఇదేనా?" అని అడగాలి. శాస్త్రాల్లో దీన్నే పూర్వపక్షం అన్నారు. వాదించే పద్ధతులు చెప్పే పాత న్యాయశాస్త్రంలో (కోర్టుల న్యాయం కాదు) నవకంబళుడి కథ ఉంది. 'నవ' అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలు. ఒకడు కొత్త కంబళి కప్పుకున్నాడని చెప్తే, "తొమ్మిదెక్కడున్నాయి? ఒక్కటేగా!" అని నిలదీస్తాడు రెండోవాడు. దాన్ని ఛలం అంటారు. మా బస్తాల గొడవ తెలియక చేసిన ఛలం. తెలిసి చేసేవాళ్లూ ఉంటారనుకోండి.

ఆ శాస్త్రంలోనే నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఓ మాట నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనైతే వితండ. వితండవాదిని గ్రూపులోంచి తీసెయ్యక్కర్లేదు. "మరి మీ పొలంలో మీరేం చేశారు? ఎంతొచ్చింది?" అని అడగండి. జవాబు చెప్తే దారికొచ్చినట్టే. చెప్పకపోతే ఇక ఆయనకు బదులివ్వకండి.

ఇక నా తప్పు. నాది మొదట్నుంచీ యూరియా పక్షం. ఒక కుర్రాడు రసాయన ఎరువులకు బదులు పొలానికి వాడే జీవామృతం గురించి పొడుగ్గా రాశాడు. 200 లీటర్ల నీళ్లు, 10 కేజీల పేడ, ఆవు మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పుల పిండి అంటూ మొదలుపెట్టాడు. నాలుగు లైన్లు చదివేసరికి ఒళ్లు మండింది. అడ్మిన్‌ని కదా, అందరికీ కనబడకుండా డిలీట్ కొట్టాను. అతను గ్రూపులోంచి పోలేదు, కానీ మళ్లీ ఒక్క ముక్క రాయలేదు. మెల్లగా ఇంకో పదిమంది కూడా మానేశారు. రెండు నెలలకు బుద్ధొచ్చి, ఫోన్లో కాదు, ఆ గ్రూపులోనే అందరి ముందూ తప్పయిందని రాసి, అతని అనుభవం మళ్లీ పెట్టమన్నాను. పెట్టాడు. మొదటి ఏడాది ఎకరానికి నాలుగు బస్తాలు తగ్గిందని చివర్లో తనే రాశాడు. ఆ ముక్క నేను తుడిచేసిన మెసేజిలోనూ ఉందట. చివరిదాకా చదివితే కదా!

పిలుపుల దగ్గర జాగ్రత్త. కరీంనగర్ అన్న "ఏం మాట్లాడుతున్నవ్" అంటే చనువు. అదే మాట మా తెనాలి వాళ్లకు చెంపమీద కొట్టినట్టుంటుంది. ఈ సంగతి గ్రూపులో చేరినరోజే చెప్పేస్తాను. మా వాళ్లకు కోపమొస్తే మాత్రం 'నువ్వు' రాదు, "మేధావి గారూ" అని 'గారు' వస్తుంది. అది కనబడగానే నేను ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేస్తాను.

రెండు బాణాలున్న ఫార్వర్డు ఎన్నో చేతులు మారి వచ్చినట్టు లెక్క, సాక్ష్యంగా ఒప్పుకోం. పెట్టిన మెసేజిని 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు, కాబట్టి ఘాటుగా రాసినవాళ్లకు ముందు ఆ సంగతి గుర్తుచేస్తాను. అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును బిగించడం ఒక్కసారి చేసి చూశాను. మర్నాటికి నేను లేని ఇంకో గ్రూపు పుట్టింది.

ఇప్పుడు అందరూ బస్తా పక్కన కేజీలు కూడా రాస్తున్నారు. పొద్దున్నుంచీ వెదజల్లడం మేలా, నాట్లు మేలా అని నడుస్తోంది. పద్దెనిమిది మెసేజిలొచ్చాయి. వెదజల్లితే కలుపు ఎవరు తీస్తారని జీవామృతం కుర్రాడు నన్నే అడుగుతున్నాడు. ఈసారి చివరిదాకా చదివి జవాబివ్వాలి.