స్టెయిన్‌లెస్ షాఫ్ట్‌కి హీట్ ట్రీట్‌మెంట్ ఎలా చేయించాలి?

పంపు షాఫ్ట్ తొందరగా అరిగిపోతోందా? ఆటోనగర్‌కి పట్టుకెళ్లి "కాస్త హార్డెనింగ్ చేసివ్వండి" అనేముందు అది ఏ గ్రేడో తేల్చుకోండి. 304, 316 రకాలను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడవు, మెత్తబడతాయి. గట్టిపడేవి 410, 420 లాంటివి.

మొదట అయస్కాంతం పెట్టి చూడండి. 420కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి అతుక్కోదు. కానీ 304 కడ్డీని వంచిన చోట కొద్దిగా లాగుతుంది. 430కి బాగా అతుక్కున్నా అది కాల్చితే గట్టిపడే రకం కాదు. కాబట్టి సరుకుతో వచ్చిన టెస్ట్ సర్టిఫికెట్‌నే నమ్మండి.

304 అయితే: వంచడంవల్ల బిగుసుకున్న ముక్కను 1010 నుంచి 1120 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిచేసి, వెంటనే నీళ్లలో చల్లార్చాలి. సాగే గుణం తిరిగొస్తుంది. ఆలస్యం చేస్తేనే ప్రమాదం. 425–860 మధ్య ఎక్కువసేపు ఉంటే లోపలి క్రోమియం కార్బన్‌తో కలిసి రేణువుల అంచుల్లో పేరుకుంటుంది. ఆ పక్కన క్రోమియం కొరత పడుతుంది. బలం పరీక్షలో ఇది పెద్దగా బయటపడదు, కానీ విశాఖ ఉప్పుగాలికి సరిగ్గా అక్కడే తుప్పు మొదలవుతుంది. వెల్డింగ్ పక్కన కనిపించే తుప్పుగీతకు తరచూ కారణం ఇదే. వెల్డింగ్ ఉందంటే, కార్బన్ 0.03 శాతం దాటని 304ఎల్ కొనండి.

420 అయితే: ముందు 780 దాకా నిదానంగా వేడెక్కించి, తర్వాత 980–1040కి తీసుకెళ్లి, లోపలిదాకా వేడి పట్టాక ఆయిల్‌లో చల్లార్చాలి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక వెంటనే టెంపరింగ్ చేయాలి, అంటే పెళుసుదనం తగ్గడానికి మళ్లీ తక్కువ వేడిలో కాచాలి. "రేపు చూద్దాంలే" అని వదిలేస్తే బీటలు రావచ్చు. 150–370లో టెంపర్ చేస్తే గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 50 దగ్గర నిలుస్తుంది. చేపలు కోసే కత్తికి అది బాగుంటుంది. దెబ్బలు తట్టుకోవాలంటే 600 దాటించండి, గట్టిదనం 30 దరిదాపులకు దిగుతుంది. 425–590 జోలికి మాత్రం పోవద్దు. అక్కడ ఉక్కు పెళుసవుతుంది, తుప్పునూ సరిగ్గా ఆపలేదు.

సముద్రపు నీళ్లు తోడే పంపుకైతే నేను 420 వాడమని చెప్పను. అక్కడ 316 షాఫ్ట్ వేసి, అరిగే చోట స్లీవ్ (గొట్టంలాంటి తొడుగు) తొడిగించుకోవడం నయం.

ఫర్నేస్‌లో ముక్క కాస్త వంగుతుంది కాబట్టి ఫైనల్ గ్రైండింగ్‌కి కొంచెం లోహం మిగిల్చి ఇవ్వండి. పైన కట్టిన నల్ల పెచ్చు పూర్తిగా తీయించండి. డబ్బులిచ్చేముందు రెండు మూడు చోట్ల రాక్‌వెల్ రీడింగ్ తీయించి, కాగితం మీద రాయించుకోండి.